ఆరుబయట కుక్కల ఫొటోలు: ఫిల్మ్, వెలుతురు ఎంపిక (పామూరు ప్రాంతం)

ఆరుబయట కుక్కల ఛాయాచిత్రణ అంటే స్టూడియో దీపాల సాయం లేకుండా ఇంటి ముంగిట, వీధిలో, పొలం గట్టున, గొర్రెల మంద దగ్గర సహజమైన వెలుతురులో కుక్కలను ఫొటో తీయడం. ఫిల్మ్ కెమెరాతో తీసేవారు రెండు సంగతులు ముందే తేల్చుకోవాలి. ఒకటి ఏ రీలు ఎక్కించాలన్నది, రెండోది ఏ పూట తీయాలన్నది. డిజిటల్ కెమెరాలో ఫొటో ఫొటోకూ స్పీడు మార్చుకోవచ్చు. రీలు ఎక్కించాక మాత్రం 36 ఫొటోలూ అయ్యేదాకా అదే స్పీడు, అదే రంగుల తీరు. పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఎండ, నేల, కుక్కలు ఎలా ఉంటాయో దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం ఆ ఎంపికను వివరిస్తుంది. ఈ పడమటి ప్రకాశంలో వెలుతురుకు కరువు లేదు. చిక్కంతా ఎండకూ నీడకూ, నల్ల బొచ్చుకూ తెల్ల బొచ్చుకూ మధ్య ఉండే తేడాతోనే.

ప్రాంతం, పొద్దు నడక

పామూరు సుమారు 15.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల ఏటా రెండుసార్లు, మే 1, ఆగస్టు 12 ప్రాంతాల్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో కుక్క నీడ దాని పొట్ట కిందే ఉండిపోతుంది. వీపు తళతళలాడుతుంది, కళ్లు గుంటల్లో చీకటిగా పడతాయి. డిసెంబరు 21న మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 51 డిగ్రీల ఎత్తు దాటడు.

ఉదయం తొమ్మిది గంటల లెక్క చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. డిసెంబరు మూడో వారంలో ఆ వేళకు పొద్దు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే, మే మొదట్లో అదే వేళకు 44 డిగ్రీలకు ఎక్కి ఉంటుంది. చలికాలంలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడిచాక ఎనిమిది దాకా నీరెండలో తీయవచ్చు. ఎండాకాలంలో ఆరుకు ముందే పొద్దు పొడుస్తుంది, ఏడున్నరకల్లా పని ముగించుకోవాలి. బారెడు పొద్దెక్కాక బయల్దేరితే మే నెలలో ఫొటో చేతికి రాదు.

సాయంత్రం లెక్క ఊరిని బట్టి మారుతుంది. పడమటి వైపు వెలిగొండలున్న పల్లెల్లో పంచాంగంలో రాసిన అస్తమయం కంటే ముందే పొద్దు కొండ చాటుకు పోతుంది. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన వంటి లోయల్లో రోజులో చాలాసేపు నేరుగా ఎండ దిగదు, ఆకాశం వెలుతురే దిక్కు. కాలభైరవుని వాహనం కుక్క కాబట్టి ఆ పేరున్న కోనలో కుక్కను ఫొటో తీయాలనిపించడం సహజమే. అయితే అక్కడికి తక్కువ స్పీడు రీలు తీసుకెళ్లడం దండగ.

నేల రంగునూ లెక్కలోకి తీసుకోవాలి. ఎర్రనేల తన మీద పడిన ఎండను ఎర్రగా పైకి తిప్పికొడుతుంది. తెల్ల కుక్క దాని మీద నిలబడితే గడ్డం కింద, పొట్ట కింద గులాబీ చాయ పడుతుంది. ఎదురుగా ఉన్నప్పుడు మన కంటికి ఆనదు కానీ రంగు ఫిల్మ్ దాన్ని పట్టిస్తుంది. నల్లరేగడి మీద ఈ బెడద ఉండదు, కింది నుంచి వచ్చే వెలుతురూ అంతగా ఉండదు.

చరిత్ర

జెలటిన్ పూసిన పొడి గాజుపలకను రిచర్డ్ లీచ్ మాడాక్స్ 1871లో ప్రతిపాదించాడు. అంతకుముందు పలక తడి ఆరకముందే ఫొటో తీసి కడగాల్సి వచ్చేది. ఎక్స్‌పోజరు సెకన్లలో ఉండేది కాబట్టి, తోక ఆడించే జంతువు ఫొటో చెదిరిపోయేది. పొడి పలకల వేగం పెరిగాక ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జంతువుల నడకను, పరుగును వరసగా ఫొటోలు తీసి 1887లో 781 పలకలుగా వెలువరించాడు. వాటిలో కుక్కలూ ఉన్నాయి. ఆ పనిలో చాలా భాగం ఆరుబయట ఎండలో జరిగింది. అప్పటి పలకలకు దానికి తక్కువ వెలుతురు చాలదు.

తొలి పలకలకు ఎరుపు రంగు ఆనేది కాదు. ఎర్ర కుక్క, ఎర్రమట్టి రెండూ నల్లగా పడేవి. 1873లో హెర్మన్ ఫోగెల్ రంగుల కలయికతో పలక గ్రహణశక్తిని పెంచే దారి చూపాడు. అన్ని రంగులకూ స్పందించే పాన్‌క్రొమాటిక్ పలకలు 1906లో అమ్మకానికి వచ్చాయి. రంగు ఫిల్మ్ కోడాక్రోమ్ 1935లో, నలుపు తెలుపు ఫిల్మ్ 35 మి.మీ. ట్రై-ఎక్స్ 1954లో వచ్చాయి. స్పీడు ఎక్కువైన ట్రై-ఎక్స్ వీధి ఫొటోల తీరునే మార్చేసింది. కుక్కల ఫొటోలతో పేరు పొందిన ఎలియట్ అర్విట్ ఎక్కువగా చిన్న కెమెరాలో నలుపు తెలుపు రీలుతోనే పనిచేశాడు. కెమెరాను నేలదాకా దించి, యజమాని కాళ్లు, పొట్టి కుక్క ఒకే వరసలో పడేలా తీసిన ఆయన న్యూయార్క్ చిత్రం 1974 నాటిది.

మన దేశంలో ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ 1960లో ఏర్పడింది. 1967లో ఉత్పత్తి మొదలై ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు రీళ్లు మార్కెట్లోకి వచ్చాయి. పల్లెల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి డబ్బా కెమెరాలు, స్టూడియోల్లో యాషికా మ్యాట్ 124జి, పెంటాక్స్ కె1000, ఆ తరువాత ఇళ్లలో కోడాక్ కెబి10 ఎక్కువగా కనిపించేవి. డబ్బా కెమెరాలో షట్టరు వేగం మార్చే వీలు దాదాపు ఉండదు. అందులో పడిన కుక్కల్లో పడుకున్నవీ కూర్చున్నవే ఎక్కువ.

కుక్కలు, బొచ్చు రంగు

ఊరకుక్కల్లో ఎర్రటివి, గోధుమరంగువి, నల్లవి, మచ్చలవి, పులిచారలవి అన్నీ ఉంటాయి. కోస్తా ఆంధ్రకు చెందిన జోనంగి జాతికి బొచ్చు చాలా పొట్టి, ఒళ్లు నునుపు. ఎండలో దాని వీపు మీద మెరుపు గీత పడుతుంది. తపాలా శాఖ 2005 జనవరి 9న విడుదల చేసిన నాలుగు కుక్కల బిళ్లల్లో ముధోల్, రాజపాళయం జాతులున్నాయి. రాజపాళయం సాధారణంగా తెల్లగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజరుకు అది ఒక చివరి హద్దు.

కెమెరా మీటరు తను చూసిన ప్రతిదాన్నీ నూటికి 18 పాళ్ల వెలుతురును తిప్పి పంపే నడిమి బూడిదరంగుగా లెక్కగడుతుంది. నల్ల బొచ్చు నూటికి సుమారు నాలుగైదు పాళ్లే తిప్పి పంపుతుంది, తెల్ల బొచ్చు అరవై పైచిలుకు పంపుతుంది. రెంటికీ మధ్య సుమారు నాలుగు స్టాపుల దూరం (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం). నల్ల కుక్క ఫ్రేము నిండా ఉంటే మీటరు ‘వెలుతురు చాలదు’ అంటుంది. దాని మాట వింటే కుక్క బూడిదరంగుకు తేలుతుంది, వెనకున్న నేల తెల్లబోతుంది. అప్పుడు మీటరు చెప్పినదానికి ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు తగ్గించాలి. తెల్ల కుక్కకు అంతే పెంచాలి. నల్లదానికి తగ్గించడం, తెల్లదానికి పెంచడం కొత్తవారికి తలకిందులుగా తోస్తుంది.

ఈ దిద్దుబాటు తప్పించుకోవాలంటే కుక్క మీద పడే వెలుతురునే కొలవాలి. చేతి మీటరు లేనివారు కుక్క ఉన్న వెలుతురులోనే గ్రే కార్డు పట్టి కొలుస్తారు. కార్డూ లేకపోతే పచ్చగడ్డి మీద కొలిచినా దాదాపు అదే వస్తుంది. మార్కాపురం ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చే పలక బూడిదరంగుదే కదా అని దాన్ని గ్రే కార్డుగా వాడకూడదు. బడి పలక నడిమి బూడిదరంగు కంటే బాగా నల్లన, తడిస్తే ఇంకా నల్లబడుతుంది.

మంద కుక్కల దగ్గర ఈ చిక్కు ముదురుతుంది. నెల్లూరు జాతి గొర్రెల్లో పల్ల తెల్లగా, జోడిపి తెల్లటి ఒంటికి మొహం మీద నల్ల మచ్చలతో, దొర ఎర్రగా ఉంటాయి. పల్ల గొర్రెల నడుమ నల్ల కుక్క నిలబడితే ఒకే ఫ్రేములో రెండు కొసలూ చేరతాయి. ఒంగోలు గిత్త పక్కన కుక్కను నిలబెట్టినా ఇంతే. బొచ్చు తేడా నాలుగు స్టాపులకు ఎండా నీడల తేడా మూడు స్టాపులు కలిస్తే మొత్తం ఏడు. ఏ రకం ఫిల్మ్ కొనాలన్న ప్రశ్నకు జవాబు ఈ ఏడు దగ్గరే తేలిపోతుంది.

ఫిల్మ్ రకాలు

*రంగు నెగటివ్.* స్టూడియోల్లో ఎక్కువగా నడిచిన రకం ఇదే. ఎక్స్‌పోజరు రెండు స్టాపులు ఎక్కువైనా ప్రింటులో సర్దుకోవచ్చు, తక్కువైతే మాత్రం నల్ల భాగాలు మట్టిరంగుకు తిరిగి గరుకుబడతాయి. అందుకని నెగటివ్ రీలుకు నీడ భాగాన్ని చూసి ఎక్స్‌పోజరు ఇవ్వాలి. ఏడు స్టాపుల తేడాను ఇది సులువుగా మోస్తుంది. కోడాక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400 ఇళ్లలో వాడే రకాలు. పోర్ట్రా 160, పోర్ట్రా 400 రంగులు మెత్తగా ఉంటాయి. 2008లో వచ్చిన ఎక్టార్ 100లో రంగులు గాఢం, ఎర్రనేల మీద అది ఎరుపును మరీ పెంచి చూపుతుంది. తెల్ల కుక్కకు పోర్ట్రా నయం.

*స్లైడు.* ఫుజి వెల్వియా 50 (1990), ప్రొవియా 100ఎఫ్, 2018లో తిరిగి వచ్చిన ఎక్టాక్రోమ్ ఇ100 ఈ కోవలోవి. రంగులో, నాణ్యంలో సాటిలేనివి. అయితే ఇవి మోసే తేడా ఐదారు స్టాపులకు మించదు, ఎక్స్‌పోజరులో అర స్టాపు తప్పినా తెలిసిపోతుంది. నెగటివ్‌కు భిన్నంగా స్లైడుకు తెల్ల భాగం చూసి ఎక్స్‌పోజరు ఇవ్వాలి. ఎండలో నిలబడిన మచ్చల కుక్కకు స్లైడు పనికిరాదు. మబ్బు పట్టిన రోజున ఒకే రంగు కుక్కకు దీన్ని మించింది లేదు.

*నలుపు తెలుపు.* ఇల్ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్, ఎఫ్‌పి4 ప్లస్, కోడాక్ ట్రై-ఎక్స్, టి-మ్యాక్స్ ముఖ్యమైనవి. వీటితో వచ్చే చిక్కు వేరు. ఎర్ర కుక్క, ఎర్రనేల, ఎండు గడ్డి మూడూ ఒకే బూడిదరంగులో పడి కుక్క నేలలో కలిసిపోతుంది. ఆకుపచ్చ చేను వెనకుంటే నారింజ ఫిల్టరు ఎర్ర బొచ్చును తేలిక చేసి ఆకును ముదురు చేస్తుంది. పసుపు ఫిల్టరుకు ఒక స్టాపు, నారింజకు రెండు, ఎరుపుకు మూడు స్టాపుల వెలుతురు పోతుంది. వెనకున్నది కూడా ఎర్రనేలే అయితే ఏ ఫిల్టరూ రెంటినీ విడదీయలేదు. వెనక నుంచి పడే వెలుతురుతో అంచు గీయించుకోవాలి (‘వెలుతురు రకాలు’ శీర్షిక చూడండి).

స్పీడు

నిండు ఎండకు పాత లెక్క ఒకటుంది: అపర్చరు ఎఫ్/16 పెట్టి, షట్టరు వేగాన్ని రీలు స్పీడుకు దగ్గరగా ఉంచాలి. 100 స్పీడు రీలుకు 1/125, ఎఫ్/16. అదే వెలుతురు 1/500, ఎఫ్/8కి కూడా సరిపోతుంది. నడిచే కుక్కకు 1/250 చాలు. పరుగెత్తేదానికి 1/500 నుంచి 1/1000 కావాలి. కుక్కతోపాటు కెమెరాను తిప్పుతూ తీసేవారు 1/60కో 1/30కో దిగి వెనక దృశ్యాన్ని గీతలుగా చెదరగొడతారు. ఈ లెక్కన ఎండలో 100 రీలు పుష్కలంగా సరిపోతుంది.

అయినా ఇంత ఎండ కాసే ప్రాంతంలోనూ కుక్కల ఫొటోలకు 400 రీలే మేలు, ఎందుకంటే మంచి ఫొటో నిండు ఎండలో రాదు. నీడలో వెలుతురు సుమారు మూడు స్టాపులు తగ్గుతుంది. అక్కడ 100 రీలుతో ఎఫ్/5.6 దగ్గర 1/125 మాత్రమే దక్కుతుంది. నోరు తెరిచి రొప్పే కుక్క తల ఆ వేగానికి చెదురుతుంది. 400 రీలుతో అదే ఎఫ్/5.6 దగ్గర 1/500 దొరుకుతుంది.

అపర్చరును అంతకంటే తెరవడమూ ఇబ్బందే. కుక్క మూతి పొడవు. దగ్గరి నుంచి 85 లేదా 135 మి.మీ. లెన్సుతో ఎఫ్/2.8 దగ్గర తీస్తే కన్ను స్పష్టంగా ఉన్నా ముక్కు మసకబారుతుంది. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉంటే రెండూ నిలుస్తాయి. పరిచయం లేని వీధికుక్కను ఎలాగూ దూరం నుంచే తీయాలి. 135 లెన్సు దానికీ పనికొస్తుంది.

వెలుతురు రకాలు

*నీరెండ.* పొద్దు 20 డిగ్రీల ఎత్తుకు ఎక్కేలోపు, సాయంత్రం అంతకు దిగాక ఉండేది. వెలుతురు పక్క నుంచి వచ్చి బొచ్చు పోగుపోగునా కనిపిస్తుంది, కంట్లో మెరుపు చుక్క పడుతుంది. రంగు ఫిల్మ్ పగటి వెలుతురుకు, అంటే 5,500 కెల్విన్‌కు, సరిచేసి ఉంటుంది కాబట్టి ఈ వేళ ఫొటోలు పసుపు చాయతో వస్తాయి. ఎర్ర కుక్కకు అది అందమే, తెల్లదానికి కాస్త ఎక్కువవుతుంది.

*నీడ.* నీడ అంతా ఒకటి కాదు. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. నల్ల కుక్క ఒంటి మీద అవి తెల్ల మచ్చల్లా పడి లేని జాతిని సృష్టిస్తాయి. చింతచెట్టు నీడ చిక్కన. అన్నిటికంటే నమ్మదగ్గది ఇంటి పంచ, పశువుల కొట్టం చూరు, పొగాకు బ్యారన్ గోడ ఇచ్చే నీడ. చూరు అంచుకు మూరెడు లోపల కుక్కను కూర్చోబెట్టి మొహం బయటికి తిప్పితే ముందు ఆకాశం పెద్ద దీపంలా పనిచేస్తుంది, వెనక చీకటి తెర అవుతుంది. ఎదుట సున్నం కొట్టిన గోడ ఎండలో ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. నీడలో రంగు నీలానికి జరుగుతుంది. నల్ల బొచ్చు మీద ఆ నీలం బాగా తెలుస్తుంది. స్లైడు వాడేవారు 81ఎ లేదా 81బి ఫిల్టరుతో దాన్ని సరిచేస్తారు.

*మబ్బు.* అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల రోజులు మచ్చల కుక్కలకు అనువైనవి. ఎండా నీడల మధ్య మూడు స్టాపుల తేడా మాయమై బొచ్చు తేడా నాలుగే మిగులుతుంది. స్లైడుకు కూడా అది సరిపోతుంది.

*ఎదురు వెలుతురు.* పొద్దు కుక్క వెనక ఉండాలి. చెవుల అంచు, వీపు గీత వెలిగి, ఎర్రనేల మీద ఎర్ర కుక్క విడిగా తేలుతుంది. మొహం నీడలో పడుతుంది కాబట్టి మీటరు చెప్పినదానికి ఒకటిన్నర స్టాపు వరకు పెంచాలి. లెన్సు మీద ఎండ పడకుండా గొట్టమో అరచేయో అడ్డుపెట్టాలి. సాయంత్రం మంద తిరిగొచ్చేటప్పుడు లేచే దుమ్ము ఈ వెలుతురులో బంగారు పొగలా కనిపిస్తుంది. అదే దుమ్ము రీలు మార్చేటప్పుడు కెమెరాలో పడితే ప్రతి ఫొటో మీదా గీతే.

మిట్టమధ్యాహ్నం ఏ రకం ఫిల్మ్‌కూ అనుకూలం కాదు, కాలుతున్న నేల మీద నిలబడటం కుక్కకూ మంచిది కాదు.

పూరక వెలుతురు

నీడ పడిన మొహానికి వెలుతురు అందించే సులువైన సాధనం థర్మోకోల్ షీటు. స్టూడియోవాళ్లు పెళ్లిళ్లకు వాడేది ఇదే. దాన్ని కుక్క ముందు, కాస్త కింద, నాలుగడుగుల దూరంలో పట్టుకుంటే నీడ ఒక స్టాపు దాకా తేరుకుంటుంది. వెండి రేకు అతికించిన అట్ట ఎక్కువ వెలుతురిస్తుంది కానీ తళుక్కుమన్నప్పుడు కుక్క బెదిరి లేచిపోతుంది. తెల్ల దుప్పటి నేల మీద పరిస్తే ఎర్రనేల చాయ కూడా పోతుంది.

ఫ్లాషుకు కెమెరా రకాన్ని బట్టి హద్దులున్నాయి. తెర షట్టరున్న కె1000లో ఫ్లాషు 1/60కి మించి కుదరదు. నిండు ఎండలో 100 రీలుకు అప్పుడు ఎఫ్/22 పెట్టాలి. 400 రీలైతే ఎఫ్/45 కావాలి, అది మామూలు లెన్సుల్లో లేనే లేదు. యాషికా మ్యాట్ 124జిలో ఉన్న ఆకు షట్టరు 1/500 వరకు ఏ వేగానికైనా ఫ్లాషుతో కలుస్తుంది, ఎండలో పూరక ఫ్లాషుకు అదే దారి. వివిటార్ 283 వంటి ఫ్లాషు గైడు సంఖ్య 100 స్పీడుకు సుమారు 36 మీటర్లు. ఎఫ్/16 దగ్గర అది రెండుంబావు మీటర్ల దూరం వరకు ఎండతో సమానంగా వెలిగిస్తుంది. పూరకానికి అంతలో సగమో పావో చాలు.

కుక్క కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. లెన్సు పక్కనే ఫ్లాషు వెలిగితే సందె వేళ కళ్లు ఆకుపచ్చగానో పసుపుగానో మండుతాయి. మనుషుల ఎర్రకన్ను పోగొట్టే ముందస్తు మెరుపు దీనికి పనిచేయదు. తీగ వేసి ఫ్లాషును మూరెడు పక్కకు జరపాలి.

రీలు భద్రత, కడగడం

ఎండాకాలంలో ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో, మోటారు సైకిలు డిక్కీలో రీలు ఉంచితే రంగులు ఒకవైపుకు ఒరుగుతాయి. వాడని రీళ్లను ఫ్రిజ్‌లో ఉంచి, వాడే ముందు డబ్బా తెరవకుండా గంటకు పైగా బయట ఉంచాలి. వెంటనే తెరిస్తే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది. ప్రయాణంలో తడిగుడ్డ చుట్టిన స్టీలు క్యారియరులో, రీలుకు తడి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో మూసి పెట్టుకోవచ్చు. తీసిన రీలును నెలల తరబడి దాచకుండా త్వరగా కడిగించాలి.

రంగు నెగటివ్‌ను సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీల దగ్గర కడుగుతారు, డెవలపరులో 3 నిమిషాల 15 సెకన్లు. ఊళ్లలోని కలర్ ల్యాబులు చాలావరకు డిజిటల్ ప్రింట్లకు మారాయి కాబట్టి రంగు రీళ్లను పెద్ద నగరాలకు పంపాల్సి వస్తోంది. నలుపు తెలుపు మాత్రం ఇంట్లోనే కడుక్కోవచ్చు. దానికి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు దాన్ని ఎప్పుడో దాటి ఉంటాయి. డెవలపరు సీసాను ఐసు నీళ్ల బకెట్లో నిలబెట్టి 24 డిగ్రీలకు దించి, తయారీదారు పట్టిక ప్రకారం సమయం తగ్గించుకోవచ్చు. కడిగే నీళ్లూ అంతే చల్లగా ఉండాలి. చల్లటి ద్రావకం నుంచి వేడి నీళ్లలోకి ఒక్కసారిగా మారిస్తే ఎమల్షన్ ముడతలు పడి నెర్రెలిచ్చినట్టవుతుంది.

ఆరబెట్టడానికి స్నానాల గది అనువైనది. ముందు గోడల మీద నీళ్లు చల్లి దుమ్మును అణచాలి, తలుపు వేసి ఫిల్మ్‌ను వేలాడదీయాలి. తడి నెగటివ్‌కు అంటిన దుమ్ము రేణువు ప్రింటులో తెల్ల చుక్కగా పడుతుంది. ఎర్ర కుక్క మీద ఎవరూ గమనించరు. నల్ల కుక్క మీదైతే ఒక్కో చుక్కనూ సన్నకుంచెతో అద్దుతూ కూర్చోవాలి.